మూత పెట్టిన చెయ్యి

నాకు వంట రాదు. క్యాటరింగ్ సంస్థ పెట్టిన మనిషి ఇలా మొదలుపెట్టడం మర్యాద కాదని తెలుసు. కానీ మసాలా కొలతల కోసం ఈ పేజీ తెరిచినవాళ్లు మధ్యలో నిరాశపడకూడదని ముందే చెప్పేస్తున్నాను. ఉద్యోగమంతా జనగామ చుట్టుపక్కల బడుల్లో తెలుగు చెప్పాను. లోపం, ఆగమం, ఆదేశం అంటూ సంధులు విడగొట్టి చూపించాను. నా వంటలోనూ అవే ఉండేవి. ఉప్పు లోపిస్తే ఆగం, ఎక్కువైతే మరీ ఆగం. మా తమ్ముడు నేను పెట్టిన చారు గ్లాసును వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసేవాడు.

"అక్కా, గిది చారా, గ్లాసు కడిగిన నీళ్లా? జర చెప్పు, దాన్నిబట్టి తాగుత."

తాగేవాడు మాత్రం. ఏ రోజూ గ్లాసులో చుక్క మిగల్చలేదు. వాడి గురించి ఇక ముందు రాయబోయేదంతా చదివేటప్పుడు ఈ చారు సంగతి కూడా మనసులో ఉంచుకోవాలని నా మనవి. నేనూ ఉంచుకోవడానికే ప్రయత్నిస్తున్నాను.

తమ్ముడికి బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపు ఉంది. ముందు షాపు, వెనక వాళ్ల కాపురం, మేడమీద నేను. మా దగ్గర ఫ్లెక్సీ లేకుండా మనిషి పుట్టడు, పోడు. ఊయల వేడుకకి ఫ్లెక్సీ, పుట్టినరోజుకి ఫ్లెక్సీ, వార్డు మెంబరుగా గెలిస్తే ఫ్లెక్సీ, ఓడిపోతే ఓటేసినవాళ్లకి దండం పెడుతూ ఇంకో ఫ్లెక్సీ. పైన గుండ్రాల్లో పెద్దల మొహాలు, మధ్యలో అసలు మనిషి, కింద చేతులు జోడించిన శ్రేయోభిలాషులు. అందులో అక్షరాల తప్పులు దిద్దే పని నాది. ఒకసారి అశ్రునివాళి ఫ్లెక్సీ కింద, అంతకుముందు వేసిన పుట్టినరోజుది చెరపడం మరిచిపోయి, 'నిండు నూరేళ్లు వర్ధిల్లాలి' అని ఉండిపోయింది. మిషన్ ఎక్కకముందు నేను చూడబట్టి పోయినవాళ్ల పరువు, ఉన్నవాళ్ల పరువు నిలబడ్డాయి. అప్పటినుంచి వాడు ఏది వేసినా ముందు మేడమీదికి తెచ్చి నాకు చూపించేవాడు.

వాడి నమ్మకం ఒక్కటే. ఫ్లెక్సీ పడని మంచి పని జరగనట్టే లెక్క.

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, కేసుల్లో ఇరుక్కున్న పిల్లలను ఉంచే ఒక సదనానికి వెళ్లి చదువు చెప్పడం మొదలుపెట్టాను. దొంగతనాల్లో దొరికినవాళ్లు, కొట్లాటల్లో దొరికినవాళ్లు, ఎవరో పట్టుకోమన్న బ్యాగు పట్టుకుని దొరికినవాళ్లు. ఒకరోజు లేఖారచన చెబుతున్నాను. స్నేహితుడికి లేఖ, తండ్రికి లేఖ. వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు.

"మేడం, రాసుడు వచ్చింది. ఎవరికి రాయాలె?"

వాడిది వెటకారం కాదు. నిజంగానే ఎవరూ లేరు. వయసు నిండగానే గేటు తీసి పంపించేస్తారు, ఆ తర్వాత వాడి చిరునామా ఏమిటో వాడికే తెలియదు. నా వ్యాకరణంలో దీనికి సూత్రం దొరకలేదు.

ఆ వారమే ఒక పెళ్లికి వెళ్తే, పెరట్లో పొయ్యిల దగ్గర ఒక ముసలాయన తనలో తాను తిట్టుకుంటూ బిర్యానీ వండుతున్నాడు. మా ప్రాంతంలో దావత్‌లకు వండే పాతకాలపు మాస్టరు, అందరూ ఉస్తాద్ అంటారు. ఎందుకంత కోపమని అడిగాను.

"చేతులు దొరుకుతలేవు టీచరమ్మా. నోర్లయితే మస్తున్నయ్."

అలా చేతులు కావలసిన ఉస్తాద్‌నీ, చేతికి పని కావలసిన పిల్లలనీ కలిపాను. కలపడం నాకు అలవాటే, సంధి అంటే అదే కదా. జనగామలో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాం. లాభం చూసుకోకుండా, సదనం నుంచి బయటికొచ్చిన పిల్లలకు వంట నేర్పి, దావత్‌లకు వండి పెట్టే సంస్థ. పేరు ఇక్కడ రాయను. ఎలాగూ తమ్ముడు జిల్లా అంతా రాశాడు.

వాడు లేకపోతే సంస్థ లేదు, ఆ మాటా చెప్పాలి. కార్యదర్శి వాడే. బండి మాట్లాడేది వాడు, ఫంక్షన్ హాళ్ల వాళ్లతో తగాదా పడేది వాడు, పోలీసులు పిల్లలను అనుమానంగా ఆపితే వెళ్లి నిలబడేది వాడు. జ్వరమొచ్చిన పిల్లవాణ్ని స్కూటర్ మీద దవాఖానకు తీసుకెళ్లి, వచ్చేటప్పుడు ఇడ్లీ కట్టించుకొచ్చేవాడు. పిల్లలు వాణ్ని మామా అనేవాళ్లు. నన్ను మొదట మేడం అన్నారు, తర్వాత పెద్దమ్మా అన్నారు. వంటశాలలో నాకిచ్చిన పని ఉల్లిగడ్డలు తరగడం. కన్నీళ్లు అప్పుడే మొదలయ్యాయి, కారణం తర్వాత వచ్చింది.

సంస్థలో చేరేటప్పుడు ప్రతి ఒక్కరూ తమ కథ ఒక్కసారి చెప్పేవాళ్లు. నా గదిలో, తలుపు వేసి, నాకూ తమ్ముడికీ. ఆ తర్వాత ఎవరూ అడగకూడదు. పొయ్యి దగ్గర ఉస్తాద్ కూడా అదే మాట మీద ఉండేవాడు.

"పాత నూనె, పాత ముచ్చట ఇక్కడ బంద్. రెండూ కడుపు ఖరాబ్ చేస్తయ్."

మహబూబాబాద్ నుంచి వచ్చి చేరిన ఒక అమ్మాయి కథ కూడా అలాగే విన్నాం. కింద షాపులో మిషన్ ఎవరో నాయకుడి నవ్వును కొంచెం కొంచెంగా బయటికి తోస్తున్న చప్పుడు వస్తోంది. ఆమె నేలకేసి చూస్తూ చెప్పింది.

"ఒక అన్న బ్యాగిచ్చిండు. రైలెక్కుడు, దిగుడు, గంతే పని అన్నడు. ఆడపిల్లను ఎవరూ చూడరన్నడు. చూసిండ్రు."

బ్యాగులో గంజాయి. అన్న దొరకలేదు, పిల్ల దొరికింది. తల్లి ఒక్కతే, మిర్చి సీజన్‌లో తొడిమలు తీసే కూలికి పోతుంది, మిగతా రోజుల్లో ఏ పని దొరికితే ఆ పని. కూతురు సదనంలో ఉన్న రోజులన్నీ వాడకట్టులో అందరికీ ఒకటే చెప్పింది: వరంగల్‌లో నర్సు చదువుతోందని.

"ఇంటికి పోతవా బిడ్డా?" అని అడిగాను.

"అమ్మ ఏమంటదంటే, గట్టిగ చెప్పుకునే పని ఒకటి చేతికి రానియ్యి, అప్పుడు రా అంటది. అప్పటిదాంక నేను నర్సునే." నవ్వబోయి ఆగిపోయింది. "సూది చూస్తె నాకే భయం పెద్దమ్మా."

ఆమెకు కావలసింది అదే, ఇంకేమీ లేదు. తన వాడకట్టులోకి, తన గుమ్మంలోకి, తలెత్తుకుని తిరిగి పోవడం. పోతే అమ్మ చెప్పుకోవడానికి ఒక నిజమైన మాట ఉండాలి. వంట నేర్చుకుంటే ఆ మాట దొరుకుతుందని నేను చెప్పాను. తమ్ముడు కూడా తలూపాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా. ఆ కన్నీళ్లు నిజమైనవే అని ఇప్పటికీ అనుకుంటాను. వాటితో ఏం చేయాలో వాడికి తెలియకపోవడమే అసలు కష్టం.

ఆమె చేతిలో ఏదో ఉంది. అది కొద్ది రోజుల్లోనే ఉస్తాద్ కనిపెట్టాడు. మిగతా పిల్లలను అరుస్తూ నేర్పే మనిషి ఆమెకు మాత్రం మాట లేకుండా నేర్పేవాడు. బియ్యం ఎంత ఉడికాక దించాలో గింజ నలిపి చూపించేవాడు. మాంసం మీద అన్నం పరిచాక, డేగ్ అనే పెద్ద వంటపాత్ర అంచు చుట్టూ తడిపిన గోధుమపిండి తాడులా పేని అంటించి, మూత నొక్కి, మూత మీద నిప్పులు పోయడం. దాన్ని దమ్ పెట్టడం అంటారు. అక్కడ ఉస్తాద్‌కి ఒక కట్టడి ఉండేది. మూత ఎవరు పెడితే వాళ్లే తీయాలి. ఇంకో చెయ్యి ముట్టకూడదు.

"ఎందుకట్ల?" అని ఒకసారి అడిగాను, తెలుగు టీచర్‌కి నియమం కనిపిస్తే కారణం అడగడం జబ్బు.

"పిండి ఎక్కడ పల్చగ పడ్డదో, ఆవిరి ఎటునుంచి తన్నుకస్తదో పెట్టిన చెయ్యికే ఎరుక. ఆకలైనోని చెయ్యి తొందరపడ్తది టీచరమ్మా. పెండ్లికొడుకు బాపు వచ్చి మొత్తుకున్నా ఆగాలె."

ఒక దావత్‌లో మూత పెట్టి ఉస్తాద్ నమాజుకు పోతే, మగపెళ్లివాళ్లు వచ్చి ఎంత గొడవ చేసినా మా పిల్లలు డేగ్ చుట్టూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయన నింపాదిగా తిరిగొచ్చి, టోపీ మడిచి జేబులో పెట్టుకుని, అప్పుడు తీశాడు. అన్నం పువ్వుల్లా విడిపోయింది. దొంగలని పేరుపడ్డ పిల్లలు ఒక మూతకు కాపలా ఉండటం చూసి ఆ రోజు నేను ఉల్లిగడ్డలు లేకుండానే ఏడ్చాను.

తర్వాత మహబూబాబాద్‌లో ఉస్తాద్ చుట్టాలింట్లో పెళ్లి కుదిరింది. పగటి దావత్. ఒక డేగ్ మొత్తం ఆ అమ్మాయి చేతికి ఇస్తానన్నాడు. శిష్యులు మొదటిసారి సొంతంగా డేగ్ తీసిన రోజు మొదటి ప్లేటు వాళ్ల ఇంటివాళ్లే తినాలన్నది ఆయన గురువు నుంచి వచ్చిన పద్ధతి.

"అమ్మను పిలువు బేటీ."

ఆమె కడిగిన గరిటెనే మళ్లీ కడిగింది. "మా వాడకట్టు మొత్తం వస్తది ఆ పెండ్లికి."

"మంచిదే గద."

"మంచిదే. భయం గూడ గదే."

సాయంత్రం నా దగ్గరికి వచ్చింది. "పెద్దమ్మా, నా సంగతి అక్కడ ఎవ్వరికీ..."

"ఎవరు చెప్తరు బిడ్డా? నాకు, మామకు తప్ప ఎవరికెరుక?" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో.

తమ్ముడు ఆ వారమంతా హుషారుగా ఉన్నాడు. మేడమీదికి వచ్చి కుర్చీలో కూర్చోకుండా అటూ ఇటూ తిరిగాడు.

"అక్కా, ఇంత మంచి పని చేస్తున్నం. పది మందికి తెలువొద్దా? హైదరాబాద్ నుంచి పెద్దమనుషులు గూడ వస్తమంటుండ్రు మన పని చూసెతందుకు."

"చూడనియ్యి. తిననియ్యి. సంస్థ పేరేసి చిన్న ఫ్లెక్సీ పెట్టుకో. పిల్లల మొఖాలు వద్దు. వాళ్ల ముచ్చట అసలే వద్దు."

"కథ లేకుంటే ఎట్ల తెలుస్తదక్కా మార్పు?"

"మార్పు నాలుకకు తెలుస్తది. వద్దంటే వద్దు."

వాడు దగ్గరికి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు. చిన్నప్పుడు బలపాలు దొంగిలించనప్పుడు, దొంగిలించినప్పుడు కూడా, ఇలాగే పెట్టేవాడు. "నీ మీద ఒట్టు. పిల్లల మొఖాలు ఏయ్య."

ఒట్టు తప్పితే నాకేదో అవ్వాలి కదా. ఏమీ కాలేదు. కాస్త బీపీ పెరిగింది, అంతే. ఒట్లకు కూడా ఇప్పుడు పాత బలం లేనట్టుంది.

పెళ్లి రోజు మేమంతా రైల్లో వెళ్లాం. తమ్ముడు సామాను బండితో ముందే బయలుదేరాడు. రైల్లో ఆ అమ్మాయి కిటికీ పక్కన కూర్చుంది. తన సంచి కూడా తాను పట్టుకోలేదు. పక్కనున్న పిల్లవాడి ఒళ్లో పెట్టింది. రెండు చేతులూ దారిపొడుగునా మోకాళ్ల మీద, అందరికీ కనిపించేలా, ఖాళీగా ఉంచుకుంది. ఎవరూ ఏమీ అడగలేదు. స్టేషన్ వచ్చాక ముందుగా తనే దిగింది.

ఫంక్షన్ హాల్ వెనక పొయ్యిలు వెలిగాయి. ఆమె డేగ్‌ను ఆమే మొదలుపెట్టింది. ఉస్తాద్ దూరంగా స్టూలు మీద కూర్చుని వేరేవైపు చూస్తున్నట్టు నటించాడు. ముక్క ఉడికింది, అన్నం పరిచింది, పిండి పేనింది, మూత నొక్కింది. నిప్పులు పోసి, చెమట తుడుచుకుని, నా వైపు చూసి చిన్నగా నవ్వింది. "పెద్దమ్మా, అమ్మ వచ్చే యాళ్లయింది. గేటు కాడ చూస్తరా? నేను ఇక్కణ్నుంచి జరగొద్దు."

గేటు దగ్గరికి వెళ్లాను. అక్కడ, హాలు పేరు కన్నా పెద్దగా, ఫ్లెక్సీ.

మా పిల్లలందరి మొహాలు. యాప్రాన్ల కొలత కోసం వచ్చిన రోజు తమ్ముడు సరదాగా తీసిన ఫొటోలు. ఒక్కో మొహం కింద ఒక్కో లైను, ప్రాసతో సహా. మధ్యలో అందరికన్నా పెద్దగా ఆ అమ్మాయి. 'నాడు గంజాయి మూట — నేడు బిర్యానీ వంట!' కింద చేతులు జోడించి తమ్ముడు. పైన గుండ్రంలో, పూలదండ లాంటి అంచు మధ్య, నేను. నవ్వుతున్నాను.

జీవితంలో మొదటిసారి వాడు నాకు చూపించకుండా వేసిన ఫ్లెక్సీ అది. ఒక్క అక్షరం తప్పు లేదు.

దాని కింద ఒక బక్కపలచని మనిషి, ఎర్రటి కొత్త చీర కట్టుకుని, మెడ వెనక్కి వాల్చి చూస్తోంది. వేళ్ల కొసలు మిర్చి ఘాటుకు కమిలిపోయి ఉన్నాయి. నన్ను చూడగానే గుర్తుపట్టింది, పైనున్న గుండ్రంలోంచి.

"మేడం! మీరే గద! చూడుండ్రి, నా బిడ్డ ఫొటో ఎంత పెద్దగ ఏసిండ్రో! మా వాడకట్టుల లగ్గం అయినోళ్లకు గూడ గింత ఫొటో లేదు." నా చెయ్యి పట్టుకుంది. "కింద ఏం రాసిండ్రో ఎవర్నడిగినా సదువుతలేరు. చూస్తుండ్రు, పోతుండ్రు. మీరన్న సదువుండ్రి జర."

ఎన్ని వందల మంది పిల్లల చేత చదివించానో. చదవనివాళ్లను నిలబెట్టాను కూడా. ఆ రోజు నేను నిలబడ్డాను. దావత్‌కు వచ్చేవాళ్లు ఫోన్లెత్తి ఫొటోలు తీసుకుంటున్నారు.

"ఏందమ్మా, ఇక్కడే నిలబడ్డవ్?" వెనక నుంచి ఆ అమ్మాయి గొంతు. నేను ఎంతకీ రాకపోయేసరికి తనే వచ్చినట్టుంది. చేతులకు ఇంకా పిండి ఉంది.

ఆమె తల ఎత్తింది. తన మొహం చూసుకుంది. దాని కిందిది చదువుకుంది. ఆ తర్వాత పైకి చూసింది, గుండ్రంలో ఉన్న నన్ను. పక్కనే ఉన్న నన్ను చూడలేదు.

"సదువు బిడ్డా," అంది తల్లి, "మేడమ్‌కు కండ్లద్దాలు తేవుడు యాది లేనట్టుంది."

ఆమె చదివింది. మార్చలేదు, మింగలేదు. నేను నేర్పినట్టే, పదం పదం విడిగా, అందరికీ వినిపించేలా చదివింది.

తల్లి మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది కాసేపు, ఎక్కడికి పోవాలో తెలియనట్టు. తర్వాత కొంగు తల మీదికి లాక్కుంది.

"నర్సని చెప్పిన గదనే అందరికీ."

"తిని పో అమ్మా. నేనే వండిన."

"ఎవల మొఖం ముందట తినాలె బిడ్డా?"

ఎర్ర చీర రోడ్డు దాటి ఆటోల మధ్యకి వెళ్లిపోయింది. కూతురు కూడా వెనకాలే పోయింది.

అప్పుడొచ్చాడు తమ్ముడు, చొక్కా కొత్తది, మొహం వెలిగిపోతూ. "ఎట్లుందక్కా? నీకు చెప్పకుండ ఏసిన, తప్పులు చూడు, ఒక్కటి దొరకది!"

"ఒట్టేసినవ్ గదరా."

"ఏసిన. నీకేమన్న అయిందా? కాలే గద. మంచి కోసమే గదక్కా. పెద్దమనుషులు దారిల ఉన్నరు, ఇది చూస్తే..."

"ఆ పిల్ల మన ముందట ఏడ్చుకుంట చెప్పింది. తలుపేసి చెప్పింది."

"అందుకే గదా," అన్నాడు వాడు, నిజంగా అర్థం కానట్టు. "అంత మంచి కథ తలుపేసుకుని ఎట్ల ఉంచుతరక్కా?"

వాడు అబద్ధం చెప్పి ఉంటే కోపం తెచ్చుకుని ఊరుకునేదాన్ని. వాడు నిజమే చెప్పాడు. మా పిల్లల బతుకులు వాడికి అచ్చుకు సిద్ధంగా ఉన్న కథలు. నా గదిలో కూర్చుని కళ్లు తుడుచుకున్నప్పుడే వాడి తలలో అక్షరాల సైజు ఖాయమైపోయి ఉంటుంది. నా వెనక ఉన్నాడనుకున్న మనిషి, నా పక్కన కూర్చుని విని, నా మొహం పైన పెట్టి మరీ అమ్మేశాడు.

పిల్లల్లో ఒకడు గోడెక్కి ఫ్లెక్సీ చింపాడు. ఫోన్లలో ఉన్నదాన్ని ఎవరు చింపుతారు?

లోపల డేగ్ దగ్గర గొడవ మొదలైంది. వడ్డన వేళ దాటుతోంది. తమ్ముడు అట్లకాడ తీసుకుని పిండి పగలగొట్టబోయాడు. ఉస్తాద్ లేచి చెయ్యి అడ్డం పెట్టాడు.

"చెయ్యి తియ్యి. పెట్టిన చెయ్యే తియ్యాలె."

"ఆ పిల్ల ఇగ రాదు ఉస్తాద్. జనం ఆకలితోటి ఉన్నరు."

"నువ్వు తీసింది సాలు."

ఆ ఒక్క మాటే అన్నాడు. కింద మంట లాగేశాడు, మూత మీద నిప్పులు పక్కకు నెట్టాడు, మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు. పిల్లలు డేగ్ చుట్టూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎవరూ తమ్ముడి వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు.

ఆమె వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ మొహం కడుక్కుని వచ్చింది. పిండి పెచ్చు ఊడదీసింది, మూత తీసింది. ఆవిరి ఎగిసింది. గింజ గింజ విడిపోయింది, ఎక్కడా మాడలేదు. మొదటి ప్లేటు నింపి తిరిగింది. అమ్మ లేదు కాబట్టి ఆ ప్లేటు ఎవరికన్నది నేను ఆలోచించలేదు. నా చెయ్యి మాత్రం నాకు తెలియకుండానే కొంచెం ముందుకు చాచుకుంది. చేతికి సిగ్గుండదు. ఆమె నా పక్కనుంచి వెళ్లి ప్లేటు ఉస్తాద్‌కు ఇచ్చింది. ఆయన ఒక ముద్ద తిని, తల వంచుకుని, "నమక్ బరాబర్ బేటీ, ఉప్పు మంచిగ పడ్డది," అన్నాడు.

ఆడవాళ్లు కూర్చున్న వైపు ఆమే వడ్డించింది. ఆమె వాడకట్టు వాళ్లంతా అక్కడే ఉన్నారు. గుసగుసలు వరసంతా ముందే తిరిగొచ్చాయి. ఒకామె ప్లేటు ముందుకు జరుపుతూ అడగనే అడిగింది.

"నువ్వు నర్సువి గాదానే?"

"గాదు. గిదే నా పని," అంది ఆమె, హాలంతా వినిపించేలా. "ఇంకో ముక్క ఏయాల్నా?"

గట్టిగా చెప్పుకునే మాట ఆమెకు దొరికింది. వినాల్సిన మనిషి మాత్రం లేదు.

సాయంత్రం స్టేషన్‌లో పిల్లలు బోగీ ఎక్కారు. ఆమె ప్లాట్‌ఫారం మీదే ఆగింది. దిగబోయాను.

"మీరు పోండ్రి మేడం," అంది.

పెద్దమ్మ అన్న మాట ఆ రోజు మహబూబాబాద్‌లోనే పోయింది.

తర్వాత పెద్దగా చెప్పడానికేం లేదు. పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. ఉస్తాద్ తన గరిటెలు తాను తీసుకెళ్లాడు. రేకుల షెడ్డు ఖాళీ చేసి ఇచ్చేశాం. తమ్ముడితో మాట్లాడటం మానేశాను. కానీ వాడి భార్య రెండు పూటలా క్యారియర్ పైకి పంపిస్తుంది. ద్రోహం చేసిన ఇంటి కూరే తినాలి నేను. వంట రానివాళ్లకు పంతాలు కుదరవు. ఒకరోజు క్యారియర్ వాడే తెచ్చాడు, గుమ్మంలో నిలబడ్డాడు. చిక్కిపోయాడు.

"అక్కా, నాకు నిద్ర పడ్తలేదు. వాళ్లందరిని క్షమించమని అడుగుదామనుకుంటున్న." చేతిలో మడిచిన కాగితం ఉంది, డిజైన్. "పెద్ద ఫ్లెక్సీ. మహబూబాబాద్ సెంటర్‌ల. జర తప్పులు చూస్తవా?"

నవ్వాలో ఏడవాలో తెలియక తలుపేసుకున్నాను. క్యారియర్ తీసుకునే వేసుకున్నాను.

ఆ అమ్మాయి, తల్లి ఊరు విడిచి భూపాలపల్లి పోయారని, బొగ్గు బావుల కార్మికుల కోసం నడిపే ఒక మెస్సులో పనిచేస్తున్నారని ఉస్తాద్ ద్వారా తెలిసింది. వెళ్లొద్దన్నాడు ఆయన. వెళ్లాను. క్షమించమని అడగాలని, గుండ్రంలో నవ్విన మనిషిని నేను కాదని చెప్పాలని.

మధ్యాహ్నం వేళ. డ్యూటీ దిగినవాళ్లు బెంచీల మీద కిక్కిరిసి ఉన్నారు. తల్లి ప్లేట్లు తుడుస్తోంది. నన్ను చూసి చెయ్యి ఆపింది, మళ్లీ తుడవడం మొదలుపెట్టింది. లోపల పొయ్యి మీద డేగ్, అంచు చుట్టూ పిండి. ఒకతను మూత మీద చెయ్యి వేయబోతే వినిపించింది. "ఆగన్నా. నేను తీస్త."

ఆమె బయటికొచ్చింది. నన్ను చూసింది. మొహంలో ఏ కదలికా లేదు.

"ఏం కావాలె మేడం?"

అందరినీ అడిగే గొంతుతోనే అడిగింది. మెస్సు నడిపే పెద్దావిడ ఇద్దరినీ చూసి, "ఎవరే, ఎరుకైనోళ్లా?" అంది. బెంచీల మీద ఒకరిద్దరు తలలు తిప్పారు. ఆమె గరిటె గట్టిగా పట్టుకుంది. నేను ఏమంటానో ఆమెకు తెలియదు. మా ఇంట్లోవాళ్ల నోళ్లు ఎలాంటివో తెలుసు.

"కాదమ్మా," అన్నాను. "కాళేశ్వరం బస్సు కోసం దిగిన. ఆకలైతుంటే వచ్చిన."

ఆమె బిర్యానీ తెచ్చి పెట్టింది. అందరికీ వేసినంతే వేసింది, ఒక ముక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఉప్పు సరిగ్గా ఉంది. తలెత్తకుండా తిన్నాను. అడగాలని మోసుకొచ్చిన మాటలన్నీ ముద్దలతో పాటు మింగాను.

చెయ్యి కడుక్కుంటుంటే పెద్దావిడ ప్రేమగా పిలిచింది. "మేడం, జల్ది రాండ్రి, కాళేశ్వరం బస్సు వచ్చింది! ఓ బిడ్డా, జర ఆపుమను!"

ఆమె గుమ్మంలోకి వచ్చి చెయ్యి ఊపి బస్సు ఆపింది. జనగామ అటు, బస్సు ఇటు. మెస్సు మెస్సంతా చూస్తుంటే ఎక్కాను. కండక్టర్ ఎక్కడికని అడిగాడు. పక్క స్టాపులో దిగితే, తిరిగి ఈ రోడ్డు మీదే వాళ్ల ముందు నుంచి నడవాలి.

"కాళేశ్వరం," అన్నాను.